రెండు జతల మోకాళ్లు

పూల్‌సింగ్ మోకాళ్లు ఎందుకు పాడయ్యాయో ఏన్కూరు మండలం మొత్తంలో పూల్‌సింగ్‌కు ఒక్కడికే కచ్చితంగా తెలుసు. కారణం అతని తమ్ముడు బిచ్యా.

ఈ సంగతి అతను దాచుకున్నది లేదు. ఓట్లడగడానికి తండాకు వచ్చినవాళ్లకు చెప్పాడు. కరెంటు మీటరు చూసిపోయే ఆయనకు చెప్పాడు. ఖమ్మం బస్సులో పక్కన కూర్చున్న మనిషికి, ఆ మనిషి దిగిపోయేదాకా చెప్పాడు. తండ్రి భద్రు పోయాక అన్నదమ్ములిద్దరూ భూమి పంచుకున్నారు. ఉన్నవి రెండే చేలు. ఒకటి గుట్ట మీద, అడవి హద్దురాళ్లను ఆనుకుని ఉంటుంది. రెండోది కింద వాగు పక్కన చదునుగా ఉంటుంది. అన్నకు గుట్ట చేను, తమ్ముడికి వాగు చేను. ఆనాటి నుంచి పూల్‌సింగ్ రోజూ గుట్ట ఎక్కాడు, దిగాడు. విత్తనాలు మోశాడు, మందు డబ్బాలు మోశాడు, అడవిపందుల కాపలాకు మంచె కట్టి అదీ ఎక్కాడు. నాలుగో ఏడు కుడి మోకాలు వాచింది. ఐదో ఏడు ఎడమది దానికి తోడైంది. ఆ కాలమంతా బిచ్యా చదును నేల మీద నడిచాడు. ఇందులో అర్థం కానిది ఏముందని పూల్‌సింగ్ అడిగేవాడు. బస్సులో మనిషి ఏమీ లేదనేవాడు.

వైద్యం జరగలేదని కాదు. భార్య సోమ్లి వావిలాకు కాచిన నీళ్లతో కాపడం పెట్టింది. జిల్లేడాకుకు ఆముదం రాసి వేడిచేసి కట్టింది. నల్లేరు పచ్చడి నూరి నెల రోజులు తినిపించింది. మోకాళ్ల సంగతి ఎలా ఉన్నా, నాలుక దురద పోవడానికి ఇంకో నెల పట్టింది. బూర్గంపాడు అవతల ఎవరో కట్టు కడతారంటే వెళ్లి కట్టించుకున్నాడు. కట్టు ఉన్న పదిహేను రోజులూ నడవలేదు కాబట్టి నొప్పి లేదు. విప్పాక నడిచాడు కాబట్టి వచ్చింది. చివరికి పట్నం డాక్టరుకు చూపిస్తే, గుజ్జు అరిగింది, వయసు, అన్నాడు.

"నా తమ్మునికి నాకూ మూడేండ్లే తేడా సారూ," అన్నాడు పూల్‌సింగ్. "వానికి వయసు ఎప్పుడొస్తది?"

డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

బిచ్యాకు వయసు వచ్చే సూచనలేవీ లేవు. పొద్దున్నే అన్న ఇంటి ముందు నుంచే చేనుకు పోయేవాడు. భుజాన యూరియా బస్తా ఉన్నా ఏమీ లేకపోయినా ఒకటే నడక. యాభై ఏడేళ్ల మనిషి నడక కాదది. పూల్‌సింగ్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఆ నడకను రోజూ చూసేవాడు. మంచాన్ని అటు తిప్పి వేసుకుంటే చూడాల్సిన పని ఉండదు. తిప్పలేదు.

ఇద్దరికీ మాటలు లేక పదకొండేళ్లు. ముప్పై ఇళ్ల తండాలో పదకొండేళ్లు మాట్లాడకుండా ఉండటం అంత తేలిక కాదు. దానికి ఒక పద్ధతి కావాలి. పెళ్లిళ్లలో ఒకరు పందిరికి ఇటు కూర్చుంటే ఇంకొకరు అటు కూర్చునేవారు. చావు దగ్గర ఒకరు పాడె ముందు వైపు పడితే ఇంకొకరు వెనక వైపు పట్టేవారు. పెద్దల పంతం పిల్లలకు అంటకూడదని మాత్రం రెండిళ్లలోనూ ఎవరూ చెప్పకుండానే ఒప్పుకున్నారు. అందుకే బిచ్యా కూతురు భార్గవి చిన్నప్పటి నుంచీ పెదనాయన ఇంట్లో జొన్నరొట్టె తినే పెరిగింది.

ఆ భార్గవి ఆగస్టు నెలలో, వానలు తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, మెడలో ఐడీ కార్డుతో చేతిలో ఫైలుతో వచ్చింది. ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాక ఆమెకు హైదరాబాదు వాళ్లు నడిపే ఒక పరిశోధనలో ఉద్యోగం దొరికింది. ఊళ్లు తిరిగి మనుషులను వెతకడం ఆమె పని.

"పెదనాయనా, మోకాళ్ల నొప్పులు కొందరికి ఎందుకొస్తయి, కొందరికి ఎందుకు రావు అని మా డాక్టర్లు చూస్తున్నరు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లు ఇద్దరు కావాలె. ఒకరికి నొప్పి ఉండాలె, ఇంకొకరికి ఉండొద్దు. రక్తం తీస్తరు, ఎక్స్‌రే తీస్తరు."

"ఎందుకొస్తదో నాకు తెలుసు గదా బిడ్డా."

"తెలుసు పెదనాయనా. పోయిన తీజ్ పండుగకు గూడ చెప్పినవ్."

పూల్‌సింగ్ ఫైలు వైపు చూశాడు. "వాళ్లు కనుక్కున్నది కాయితం మీద పెడ్తరా?"

"అవ్. అచ్చేస్తరు."

"గుట్ట ఎక్కుతె మోకాళ్లు పోతయని అచ్చేస్తరా?"

భార్గవి అబద్ధం చెప్పే పిల్ల కాదు. "ఏది తేల్తే అది ఏస్తరు," అంది.

"అట్లయితె ఏమన్న భయమా. సంతకం ఎక్కడ?"

నలభై జంటలు దొరకాలని భార్గవికి పైవాళ్లు లెక్క పెట్టారు. ముప్పై తొమ్మిది అప్పటికే దొరికాయి. నలభయ్యో జంట కోసం ఆమె పెనుబల్లి దాకా తిరిగి, అక్కడ ఒక అక్కాచెల్లెళ్లను ఒప్పించి, తీరా ఫారం నింపేటప్పుడు వాళ్లు సవతి తల్లుల బిడ్డలని తెలిసి తిరిగి వచ్చింది. సొంత ఇంట్లో ఉన్న జంటను చివరిదాకా ఎందుకు అడగలేదో ఆమెను ఎవరూ అడగలేదు. తండ్రి బిచ్యా మాత్రం ఒకటే మాటన్నాడు: "ఆయన పక్కకు కూసోబెట్టకు."

క్యాంపులో పక్కపక్కనే కూర్చోబెట్టారు. రైతు వేదిక హాల్లో కుర్చీలకు నంబర్లు అంటించి ఉన్నాయి. డెబ్బై తొమ్మిది పూల్‌సింగ్, ఎనభై బిచ్యా. బయట ఎక్స్‌రే వ్యాను ఆగి ఉంది. ప్రశ్నలు అడిగే ఆమె డాక్టర్ శ్యామల, నలభై దాటిన మనిషి, తలలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా నిజంగానే ఆగేది. పూల్‌సింగ్‌కు ఇది కొత్త.

"నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత?"

"పది దాటి ఇంక లేదా అమ్మా?"

"లేదు."

"అయితె తొమ్మిది పెట్టు. వానలు ముదిరితె పది కావాల్సొస్తది."

ఆమె తొమ్మిది వేసింది. కుడి మోకాలు వాచి ఉంటే తాకి చూసి, వేడిగా ఉందని రాసుకుంది. సూదితో కొంచెం నీరు తీసి సీసాలో పట్టింది. పొద్దున లేవగానే ఎంతసేపు పట్టేసినట్టు ఉంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువా దిగేటప్పుడు ఎక్కువా, అన్నీ అడిగింది. బిచ్యాను కూడా అవే అడిగింది. అతను అన్నిటికీ "లేదు" అన్నాడు. చివరి రెండింటికి ప్రశ్న పూర్తి కాకముందే అన్నాడు.

తర్వాత ఇద్దరికీ కలిపి ఒక ప్రశ్న వచ్చింది. "మీ అమ్మగారికో నాన్నగారికో మోకాళ్ల నొప్పులుండేవా?"

"లేవు," అన్నాడు పూల్‌సింగ్.

బిచ్యా గోడ వైపు చూస్తూ, "యాడికి ఉండె అని చెప్పు బిడ్డా," అన్నాడు భార్గవితో. యాడి అంటే అమ్మ. "ఎడమ కాలు. నేను నూనె రాసేటోన్ని."

పూల్‌సింగ్ కిటికీ వైపు చూస్తూ, "ఎడమ కాదు, కుడి అని చెప్పు బిడ్డా. నేను గూడ రాసిన."

"నేను రోజూ పొద్దుగూకినంక రాసేటోన్ని. ఎడమ."

"నేను పొద్దున రాసిన. కుడి."

డాక్టరమ్మ పెన్ను కాగితం మీద ఆగింది. భార్గవి ఇద్దరి మధ్య నిలబడి ఎటూ చెప్పలేదు. చెప్పాల్సినవన్నీ ఇద్దరికీ వినబడ్డాయి. తల్లి ఒక కొడుక్కు ఒక కాలే చాచింది. రెండోది లంగా కింద దాచుకుంది. రెండూ నొస్తున్నాయంటే ఇద్దరూ కలిసి దవాఖానాకు ఎత్తుకుపోతారని భయపడి ఉంటుంది. ఆమె పోయి పదిహేనేళ్లయింది. ఈ మాట ఇప్పుడు బయటపడింది.

"రెండు కాళ్లూ అని రాయనా?" అంది డాక్టరమ్మ.

"రాసుకోండ్రి," అన్నారు ఇద్దరూ, ఒకరు గోడ వైపు, ఇంకొకరు కిటికీ వైపు చూస్తూ.

"ఆమె కూడా గుట్ట ఎక్కి పనిచేసేదా?"

"లేదమ్మా, ఆమె ఎన్నడూ కింది చేనుకే..." అని పూల్‌సింగ్ ఆగిపోయాడు. భార్గవి ఫైలు సర్దుకుంటున్నట్టు తల దించుకుంది.

రక్తం ఇచ్చారు. ఒక్కొక్కరికి ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక అరటిపండు ఇచ్చారు. పూల్‌సింగ్ అరటిపండు తినకుండా ఇంటికి తెచ్చి, ఎందుకు తినలేదో చెప్పకుండా సోమ్లికి ఇచ్చాడు.

నెల రోజులకు డాక్టర్ శ్యామల మళ్లీ వచ్చి ఇద్దరినీ రైతు వేదికకు పిలిపించింది. రక్తంలో తేలేది ఒక్కొక్కరికి చెప్పేది కాదని, వందల మందివి కలిపి చూస్తేనే ఏదైనా తెలుస్తుందని, దానికి ఏళ్లు పడుతుందని ముందే చెప్పింది. ఎక్స్‌రేలు మాత్రం ఎవరివి వాళ్లకు చూపించాలి. ఆమె రెండు ఫిలింలు కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

ఒకదానిలో రెండు ఎముకల మధ్య సన్నటి సందు ఉంది. రెండోదానిలో సందు ఒక పక్కన పూర్తిగా మూసుకుపోయి ఎముక మీద ఎముక కూర్చుంది. అంచుల్లో ముళ్లలాగా ఎముక పెరిగింది.

పూల్‌సింగ్‌కు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. రెండోదాన్ని చూపించి, "సూడు, గిది చేసిండు నాకు," అన్నాడు.

"అది మీది కాదండీ," అంది డాక్టరమ్మ. "బిచ్యా గారిది."

ఫిలిం మీద పేరు, నంబరు ఉన్నాయి. బిచ్యా లేచి దగ్గరికి పోయి చదివాడు. ఎనభై. వచ్చి కూర్చున్నాడు. మామూలుగానే నడిచి పోయాడు, మామూలుగానే నడిచి వచ్చాడు.

"మరి నాకు నొప్పి లేదు గదమ్మా," అన్నాడు.

"లేదు. కొంతమందికి ఇలాగే ఉంటుంది. ఫొటోలో ఎక్కువ అరిగి నొప్పి లేనివాళ్లున్నారు. ఫొటోలో తక్కువ ఉండి నడవలేనివాళ్లున్నారు. పూల్‌సింగ్ గారి మోకాలు లోపల వాపు ఉంది. తీసిన నీళ్లలో కూడా అది కనబడింది. ఆ నొప్పి నిజం. ఫొటోలో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు."

ఈ చివరి మాట అన్నప్పుడు ఆమె ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు. బిచ్యా మాత్రం తల దించుకున్నాడు.

ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఈ జబ్బు బండి ఇరుసు అరిగినట్టు ఉత్త అరుగుడు కాదు. ఎవరికి వస్తుందనే దాంట్లో దాదాపు సగం పాలు పుట్టుకతో, అమ్మా నాన్నల నుంచి దిగేదేనని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అది ఒక్క జీన్ పని కాదు. వందల జీన్లు తలా కొంచెం చేసే పని. బరువులు, దెబ్బలు, ఒంటి కొవ్వు, వయసు వాటి మీద పడతాయి. గుట్ట కూడా ఏమీ చేయలేదని చెప్పలేం. ఇక గుజ్జు నుంచి చిన్న చిన్న ముక్కలు రాలితే, వాటిని ఊడవడానికి ఒంట్లోని రక్షణ కణాలు వస్తాయి. జబ్బు చేసినప్పుడు క్రిములతో కొట్లాడేవి అవే. కొందరి మోకాళ్లలో అవి ఊడ్చి ఊరుకుంటాయి. కొందరిలో ఊరుకోవు. ముక్క కనబడ్డప్పుడల్లా గొడవ చేస్తాయి. ఆ గొడవకు మోకాలు వాస్తుంది, వేడెక్కుతుంది, గుజ్జు ఇంకా పోతుంది.

పూల్‌సింగ్ శ్రద్ధగా విన్నాడు. "అంటే, నా మోకాలిల కుక్కలు ఆకు కదిలినా మొరుగుతున్నయి. వాని మోకాలిల కుక్కలు దొంగ వచ్చినా పండుకున్నయి."

డాక్టరమ్మ కొంచెం ఆలోచించింది. "ఇంచుమించు అంతే."

"నాయిగ్గూడ ఎందుకు పండుకోవు?"

"అది తెలుసుకోవాలనే మీ దగ్గరికి వచ్చాం. ఇంకా సరిగ్గా తెలియదు."

"మీకు తెల్వదా?"

"తెలియదండీ."

తొమ్మిదేళ్లలో ఏ డాక్టరూ పూల్‌సింగ్‌తో ఆ మాట అనలేదు. అతనికి ఆమె మీద గౌరవం పెరిగింది. ఇంతలో ఆమె భార్గవిని పక్కకు పిలిచి, ఈ జంట ఇక లెక్కలోకి రాదని చెప్పింది. ఒకరికి జబ్బు ఉండి ఇంకొకరికి ఉండకూడదు. ఇక్కడ ఇద్దరికీ ఉంది. నొప్పి ఉన్నవాళ్లను, లేనివాళ్లను పోల్చే ఇంకో పట్టికలో రాసుకుంటారట. భార్గవికి మళ్లీ నలభయ్యో జంట కావాలి.

"తొడల్లో కండ గట్టిపడేలా ఇద్దరూ రోజూ ఇవి చేయండి," అని బొమ్మల కాగితాలు రెండు ఇచ్చి డాక్టరమ్మ వెళ్లిపోయింది. మోకాలి వాపు తగ్గేందుకు పూల్‌సింగ్‌కు విడిగా మందు రాసింది.

మర్నాడు బిచ్యా చేనుకు పోలేదు.

ఆ మర్నాడు కూడా పోలేదు. మూడో రోజు అతనికి రెండు మోకాళ్లూ నొప్పి మొదలైందని తండాలో తెలిసింది. నాలుగో రోజు కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, వేపచెట్టు దాకా పోయి, తిరిగి మంచం ఎక్కాడు. వాగు చేలో పత్తి పగిలి తెల్లగా ఉంది.

పూల్‌సింగ్ ఈ కబురు విన్న పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. ఇందులో దాచేదేమీ లేదు. తొమ్మిదేళ్లుగా అతను అదే కోరుకున్నాడు, అది జరిగింది. మూడు నాలుగు రోజులు హాయిగానే గడిచాయి. తర్వాత ఒక పొద్దున వాకిట్లో కూర్చుని దారి వైపు చూస్తూ ఉంటే, ఎందుకో ఏమీ బాగా అనిపించలేదు. అటు నుంచి ఎవరూ పోవడం లేదు. నొప్పి నొప్పిలాగే ఉంది. దానికి కారణమని చూపించడానికి ఇప్పుడు మనిషి లేడు. వట్టి నొప్పి మాత్రం ఉంది.

"వానికి నొప్పి ఉండే ముచ్చటైతె ఎప్పుడో ఉండాలె," అన్నాడు సోమ్లితో. "ఫొటో చూసినంక వచ్చుడేంది?"

సోమ్లి మిరపతొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు. "పోయి చెప్పరాదు."

"నేనెట్ల పోత. వాడు నన్ను గుట్ట మీదికి తోలినోడు."

"ఎవరు తోలిండ్రు నిన్ను?" అంది సోమ్లి. అదే గొంతు, చేతులు ఆగలేదు. "పంపకాల నాడు నేను గడప కాడ్నే నిలబడ్డ. వాగు పొంగితె కింది చేను మునుగుతది, నాకొద్దు, పెద్దోన్ని నేను, గుట్టది నాకు కావాలె అన్నవ్. వాడు సరే అన్నడు. మరుసటేడు చెక్‌డ్యామ్ కట్టిండ్రు. చేను మునుగుడు బందైంది. నువ్వు మళ్ల పంచుదామన్నవ్. నువ్వే కోరుకున్నవ్ గదనే అన్నడు. గా ఒక్క మాటకు పదకొండేండ్లు."

పూల్‌సింగ్‌కు ఇదంతా తెలియక కాదు. కాకపోతే అంతమందికి అన్నిసార్లు చెప్పేసరికి చెప్పినదే జరిగినట్టు తయారైంది. తర్వాత రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి లేచాడు. ఎక్కడికని సోమ్లి అడగలేదు.

రెండిళ్లకూ మధ్య పద్నాలుగు ఇళ్లున్నాయి. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు పని ఆపి చూశారు. పూల్‌సింగ్ ఎవరినీ పలకరించలేదు. బిచ్యా ఇంటి ముందు భార్గవి అంట్లు తోముతోంది. పెదనాయనను చూసి లేచి, తడి చేతులతోనే కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసి లోపలికి వెళ్లిపోయింది.

బిచ్యా మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. మోకాళ్లకు వావిలాకు కట్టి ఉంది. అన్నను చూసి లేవబోయాడు.

"పండుకో," అన్నాడు పూల్‌సింగ్. అది పదకొండేళ్ల తర్వాత మొదటి మాట. "ఎక్కడ నొస్తుంది?"

బిచ్యా అరచేతితో మోకాలి చుట్టూ తిప్పి చూపించాడు. "గిక్కడంత."

"గిక్కడంత అంటె కాదు. వేలు పెట్టి చూపియ్యి."

బిచ్యా ఒక చోట వేలు పెట్టి, తీసి, ఇంకో చోట పెట్టాడు.

"పొద్దున లేవంగనే ఎట్లుంటది?"

"నొప్పే."

"నొప్పి కాదు. పట్టేసినట్లుంటదా? కాలు నీది కానట్లుంటదా?"

బిచ్యా ఆలోచించాడు. "నాదే ఉంటది."

"మొన్న మబ్బు పట్టింది గదా, అయ్యాల ఎక్కువైందా?"

"చూడలే."

"చూసుడేంది. ఉంటె అదే లేపుతది నిన్ను." పూల్‌సింగ్ ముందుకు వంగి ఆకు కట్టు విప్పాడు. అరచేతిని తమ్ముడి మోకాలి మీద పెట్టాడు. మంటలో చెయ్యి పెట్టే ముందు చూసినట్టు కాస్త పైన ఆపి, అప్పుడు ఆనించాడు. చల్లగా ఉంది. తర్వాత బిచ్యా చెయ్యి పట్టుకుని తన కుడి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎట్లుంది?"

బిచ్యా చెయ్యి వెంటనే తీయలేదు. "కాలుతుంది," అన్నాడు.

"ఇదీ నొప్పంటె. నీది నొప్పి కాదు. నువ్వు ఫొటో చూసి భయపడ్డవ్, గంతే."

"ఎముకకు ఎముక తాకుతుంది గదనే. నా కండ్లార చూసిన."

"ఆ ఫొటో తీసిన నాడు పొద్దున నువ్వు ఏం మోసినవ్?"

"యూరియా పిండి బస్తా."

"అప్పుడు గూడ తాకే ఉంది గదా."

బిచ్యా విప్పిన ఆకును చేత్తో మడిచాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. భార్గవి వింటోందని ఇద్దరికీ తెలుసు.

"ఒక ముచ్చట చెప్తె కోపం చెయ్యకు," అన్నాడు బిచ్యా.

"చెప్పు."

"నీకు నొప్పి లేదనుకున్న ఇన్ని రోజులు. నన్ను చూసినప్పుడే కుంటుతున్నవనుకున్న. నా మీద కోపానికి వేషాలేస్తున్నవనుకున్న."

పూల్‌సింగ్‌కు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, లేవడానికి కుర్చీ చేతుల మీద బలం కూడా పెట్టాడు. అయితే అతను లేవడానికి పట్టే సమయంలో ఎంతటి కోపమైనా సగానికి తగ్గుతుంది. పైగా ఆ మాటలో సగం నిజం ఉంది. తమ్ముడు దారిలో కనబడ్డప్పుడు అతను కొంచెం ఎక్కువే కుంటిన మాట వాస్తవం. నొప్పి ఉంది, ఆ పైన ఇంకొంచెం కలిపేవాడు. ఎంత కలిపేవాడో ఇప్పుడు అతనికే విడదీసి చెప్పడం రాదు.

"నువ్వు నా చెయ్యి వేయించినవ్ గనక తెలిసింది," అన్నాడు బిచ్యా. "డాక్టరమ్మ చెప్పినప్పుడే తల కొట్టేసినట్లైంది."

"యాడి గూడ ఉన్న నొప్పి ఉన్నట్లు చూపెట్టలే గదా," అన్నాడు పూల్‌సింగ్. "నీకు ఒకటి, నాకు ఒకటి చూపెట్టింది."

"నాకు ఆ నూనె వాసన ఇంక యాదికున్నది."

"ఇప్పనూనె."

"అవ్, ఇప్పనూనె."

దీని మీద మాత్రం ఇద్దరికీ తేడా రాలేదు.

బొమ్మల కాగితం బిచ్యా దిండు కింద మడత విప్పకుండా ఉంది. పూల్‌సింగ్ అప్పటికే తనది గోడకు అంటించుకుని రోజూ చేస్తున్నాడు కాబట్టి చేసి చూపించాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి. పడుకుని కాలు నిటారుగా ఎత్తి పది లెక్కపెట్టాలి. అతను నాలుగోసారికే చెమట పట్టి ఆగిపోయాడు. బిచ్యా మంచం దిగి ఇరవై సార్లు చేశాడు. చేశాక తను కర్ర లేకుండా నిలబడ్డానని చూసుకుని, కొంచెం సిగ్గుపడి, కర్రను మంచం కిందికి తోశాడు.

"నొప్పి లేదు సరే," అన్నాడు పూల్‌సింగ్. "జబ్బు లేనట్లు కాదు. బస్తాలు ఎత్తుడు బంద్ చెయ్యి. రెండు సార్లు జేసి సగం సగం మొయ్యి. కుక్కలు ఎప్పటికీ పండుకొని ఉంటయని ఎవరు రాసిచ్చిండ్రు."

బిచ్యా సరేనన్నాడు. ఆ తర్వాత, చేలు మార్చుకుందామన్నాడు. ఈ మాట కోసం పూల్‌సింగ్ పదకొండేళ్లు ఎదురుచూశాడు. తీరా వినేసరికి ఒప్పుకోవడానికి నోరు రాలేదు. వాగు చేను తీసుకుంటే, ఎముక మీద ఎముక ఉన్న మనిషిని గుట్ట ఎక్కించినట్టవుతుంది. వద్దంటే తన మోకాళ్లు గుట్ట ఎక్కాలి. రెండు పక్కలా మోకాళ్లే ఉన్నాయి. చివరికి లోపల్నుంచి భార్గవి వచ్చి, చేలు ఎవరివి వారికే ఉండనిచ్చి పనులు మార్చుకోండి అని చెప్పేదాకా ఇద్దరు పెద్దమనుషులకూ ఆ దారి తోచలేదు.

అలాగే చేశారు. నీళ్లు పెట్టడం, మోటారు చూడటం, కోతులను తోలడం, పత్తి ఏరే కూలీల దగ్గర ఉండటం కింద పూల్‌సింగ్ వంతు. గుట్ట మీద కందికి కాపలా, కోతా, ఇంకా నొప్పి లేదు కాబట్టి, బిచ్యా వంతు; మోత తగ్గించడానికి సోమ్లి తోడు. మొదటి వారం ఇద్దరూ ఒకరి పని ఒకరికి రాదని తండా అంతా వినేలా చెప్పుకున్నారు. పూల్‌సింగ్ కాలువ అవతలి గట్టుకు మళ్లించి మడి ముంచాడు. బిచ్యా మంచె మీద నిద్రపోతే పందులు ఒక మూల తొక్కాయి. భార్గవి ఆ నెలాఖరుకు ఏన్కూరులోనే ఇద్దరు అక్కచెల్లెళ్లను పట్టుకుని, ముందే ఎక్స్‌రేలు చూసి, నలభయ్యో జంటను లెక్కకు కలిపింది.

పూల్‌సింగ్ నొప్పి పోలేదు. మందుతో వాపు కొంత తగ్గింది, చలికాలం మళ్లీ కొంత వచ్చింది. ఖమ్మం బస్సులో ఎవరైనా అడిగితే, నా రక్షణ కణాలు ఊరుకునే రకం కావని చెబుతున్నాడు. ఇది గుట్ట కథ కంటే పొడుగ్గా ఉంటుంది. కొందరు మధ్యలోనే దిగిపోతున్నారు.

జనవరిలో కందికోత ముగిసింది. ఆ రోజు మధ్యాహ్నం పూల్‌సింగ్ వాగు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పైన బిచ్యా కందికట్టెల మోపు తలకెత్తుకుని దిగుతున్నాడు. అన్న చెప్పినట్టు సగం మోపే. ఎప్పటిలాగే నిటారుగా, గబగబా వస్తున్నాడు.

పూల్‌సింగ్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "అడ్డంగ దిగరా. ఒక్కో కాలు. మోకాలి మీద బరువు పడొద్దు."

బిచ్యా ఆగి కిందికి చూశాడు. అతనికి మోకాళ్లలో ఏ బాధా లేదు. మోపు సర్దుకుని పక్కకు తిరిగాడు. ముందు ఒక కాలు, దాని పక్కకు ఇంకో కాలు వేస్తూ, ఎండ్రకాయలాగా, అన్న చూస్తున్నంతసేపూ మెల్లగా దిగాడు. వెనకాల సోమ్లి తన మోపుతో మామూలుగా నడిచి అతన్ని దాటుకుని ముందే కిందికి వచ్చేసింది.